మాతంగి నాడు మా నాయన

ఈ ఏడు మా నాయన తిథి గంగజాతర చాటింపుకు ముందురోజు పడింది. సోమవారం తిథి పెట్టుకుని, బుధవారం రైలెక్కి హైదరాబాదు వెళ్ళిపోదామని రానూపోనూ టికెట్లు తీసుకునే తిరుపతికి వచ్చాను. మంగళవారం రాత్రి అన్నాలు తింటుంటే వీధి చివర డప్పు మోగింది. మా మరదలు చేతిలో గరిటె అలాగే పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, విని వచ్చి, "ఇంక మీరు కదిలేదానికి లేదు వదినా, చాటింపు అయిపోయె" అంది.

చాటింపు పడ్డాక ఊరివాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదు. ఊరివాళ్ళు కానివాళ్ళు వెళ్ళిపోవాలి. తాతలనాటి కట్టుబాటు ఇది. కొండకు రోజూ వేలకొద్దీ జనం వచ్చిపోయే ఊళ్ళో ఇప్పుడు దీన్ని ఎవరు పట్టించుకుంటారు? బస్సులు ఆగుతాయా, రైళ్ళు ఆగుతాయా? మా ఇంట్లో మాత్రం ఆగుతాయి. "ముందు నేను ఊరిదాన్నా, బయటిదాన్నా తేల్చండి" అన్నాను. మా మేనల్లుడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఆధార్ ఏ ఊరిది అత్తా?" అన్నాడు. టికెట్టు క్యాన్సిల్ చేసింది కూడా వాడే.

మర్నాడు పొద్దున్నే వీధిలో పిల్లలు బైరాగి వేషాలకు కూర్చున్నారు. నామకొమ్ము నీళ్ళలో వేసి మెదుపుతుంటే వచ్చే తడి సుద్ద వాసన, పక్కన గుట్టగా పోసిన వేపమండల చేదు వాసన, రెండూ కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చాయి. కాఫీ చల్లారిపోయింది కూడా చూసుకోలేదు.

ఈమధ్య ఒక పెద్ద సినిమాలో మగవాళ్ళు చీర కట్టే మాతంగి వేషం చూపించినప్పటి నుంచి ఎక్కడెక్కడివాళ్ళో మా జాతర గురించి అడుగుతున్నారు. మా మేనల్లుడు బెంగుళూరులో తన ఆఫీసువాళ్ళకు "మా తాత ఏటా మాతంగి కట్టేవాడు" అని గొప్పగా చెప్పుకున్నాడట. ఫోటో పెట్టమన్నారట. వాడు బీరువాలు, పెట్టెలు అన్నీ తిరగేశాడు. దొరకలేదు. నాయన ఆ రోజు ఫోటో తీయనిచ్చేవాడు కాదు, దొరికే ప్రశ్నే లేదు. అందుకని గుర్తున్నంత రాసి పెడుతున్నాను. వాడి కోసం కొంత, నా కోసం కొంత.

*

మా అవ్వ చెప్పే కథలో గంగమ్మ మొదట్లో దేవత కాదు, మా ఊరి పక్కనున్న అవిలాలలో పెరిగిన ఒక ఆడపిల్ల. అప్పటి పాలెగాడు, కొత్త పెండ్లికూతురు ఎవరైనా ముందు తన దగ్గరికే రావాలనేవాడు. కంటబడిన ఆడదాన్ని వదిలేవాడు కాదు. గంగమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆమె తన అసలు రూపం చూపించింది. వాడు పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకో వేషం కట్టింది.

బుధవారం బైరాగి, ఒంటి నిండా నామకొమ్ము. గురువారం బండ వేషం, ఒళ్ళంతా కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి. ఈ రోజుల్లో వేషం కట్టినవాళ్ళు నోటికొచ్చినట్టు బూతులు తిడతారు. దాక్కున్నవాడికి రోషం వచ్చి బయటికి రావాలని తిట్టడం అది. వాడికి రోషం రాలేదు. శనివారం ఆమె దొర వేషం కట్టింది. గంధం పూసుకుని, తలపాగా పెట్టుకుని దర్జాగా వస్తే, పైదొర వచ్చాడనుకుని పాలెగాడు మర్యాదలు చేయడానికి బయటికొచ్చాడు. అక్కడే తల నరికేసింది.

"తిడితే రానోడు దొరను చూస్తే వచ్చె. చూస్తివా?" అనేది అవ్వ. ఆమెకు కథలో అన్నిటికన్నా నచ్చింది ఈ ముక్కే. అవ్వ ఎక్కడా ఉద్యోగం చేయలేదు, కానీ ఆఫీసుల గురించి ఇంతకంటే తెలిసినవాళ్ళను నేను నా సర్వీసులో చూడలేదు.

ఆదివారం మాతంగి. పాలెగాణ్ణి చంపిన మర్నాడే గంగమ్మ మాతంగి వేషంలో వాడి పెండ్లాం దగ్గరికి పోయి ఓదార్చింది. నాకు చిన్నప్పుడు ఇది మింగుడు పడేది కాదు. "చంపిందీ ఆమే, ఓదార్చిందీ ఆమేనా అవ్వా?" అంటే, "ఇంకెవురు ఓదారస్తారు మే?" అనేది, అందులో అడగడానికి ఏముందన్నట్టు.

అమ్మవారి వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగే హక్కు కైకాల వంశం వాళ్ళది. మిగతా జనం ఎవరి మొక్కు కొద్దీ వాళ్ళు కడతారు. మా నాయనది మాతంగి మొక్కు.

*

నాయన లెక్కల అయివారు. ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపులో వినబడితే మా ఇంట్లో రేడియో గొంతు తగ్గేది. తమ్ముడు ఏదో ఒక పుస్తకం తెరిచేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. అసలు మాట్లాడితే కదా. "ఎంత?", "ఎందుకు?", "సరే." ఈ మూడు మాటలతో ఆయనకు సంసారం జరిగిపోయేది. మార్కుల కాగితం తెచ్చి ఇస్తే, వచ్చిన మార్కులు వదిలేసి పోయిన మార్కుల దగ్గర వేలు పెట్టేవాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను, సమంగా కత్తిరించిన మీసం. గాంధీ రోడ్డులో ఆయన నడిచి వస్తుంటే పెద్దవాళ్ళయిపోయిన పాత శిష్యులు కూడా చేతిలో బీడీ దాచుకునేవాళ్ళు.

ఆయనకు ఊహ తెలియని వయసులో అమ్మవారు పోసింది. ముక్కు పక్కన, నుదుటి మీద ఆ గుంటలు చివరిదాకా ఉండిపోయాయి. అవ్వ అప్పటికే ఒక బిడ్డను అమ్మవారికి పోగొట్టుకుని ఉంది. తాతయ్యగుంటకు పోయి గంగమ్మ ముందర పడి, "వీడు బతికితే, బతికినన్నాళ్ళూ నీ వేషం కడతాడు తల్లీ" అని మొక్కిందట. 1975 తర్వాత మన దేశంలో మశూచి అన్నదే లేకుండా పోయింది. రోగం పోయినా మొక్కు పోలేదు.

ఆదివారం తెల్లవారుజామునే నడవలో చాప పరిచి నాయనను కూర్చోబెట్టేవాళ్ళు. చీర అమ్మది, వంగపండు రంగుది, జరీ అక్కడక్కడ నలుపెక్కింది. జాకెట్టు మా మేనత్తది. ఆమె కాస్త లావు మనిషి, అయినా వీపు మీద హుక్కులు కలిసేవి కావు. పిన్నీసులు పెట్టి పైన కొంగు కప్పేవాళ్ళు. సవరం కట్టి కనకాంబరాలు చుట్టి, మొహానికి పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టేవాళ్ళు. మీసం మాత్రం అలాగే ఉండేది. మా ఊళ్ళో మీసాల మాతంగులను చూసి ఎవరూ నవ్వరు.

అన్నిటికంటే కష్టం గాజులు. మట్టిగాజులు మగచేతికి ఎక్కుతాయా? అమ్మ గిన్నెలో సబ్బు నురగ చేసి ఆయన చేతికి మణికట్టు పైదాకా పట్టించేది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పిడికిలిని తన రెండు చేతుల మధ్య పెట్టి నొక్కి, ఒక్కో గాజునీ మెల్లగా తిప్పుతూ కీలు దాటించేది. ఒక్కోసారి పటుక్కుమని చిట్లేది. "నొప్పా?" అనేది అమ్మ. "లేదు, కానీ" అనేవాడు నాయన. రెండు చేతులకూ ఎక్కించేసరికి తెల్లగా తెల్లవారిపోయేది. మిగతా ఏడాదిలో వాళ్ళిద్దరూ మా ఎదుట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోగా నేను చూడలేదు.

ఆ తర్వాత ఇంట్లో తిరిగే మనిషి వేరు. కుర్చీలో కూర్చునేవాడు కాదు. లోపలి వసారాలో ఆడవాళ్ళ మధ్య, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. "మోకాలి నొప్పి ఎట్లుండాది?" అని అత్తను అడిగేవాడు. పక్కింటి ఆమె కూతురి పురుడు సంగతి అడిగేవాడు. మొన్నటి దాకా ఆ అమ్మాయి ఉన్నదన్న సంగతే ఆయనకు తెలియదని మేమనుకునేవాళ్ళం. "ఈ కొంగును దినమంతా ఎట్ల మోస్తారే మీరు?" అని అమ్మను అడిగి, జవాబు కోసం నిజంగా ఆగేవాడు. నా జడ విప్పి దువ్వేవాడు, చిక్కు తగిలితే పైనుంచి లాగకుండా కింద నుంచి విడదీసేవాడు. అది ఎక్కడ నేర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వేవాడు కూడా. శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

గుడికి పోతుంటే దారిలో జనం కాళ్ళకు నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేవాళ్ళు. "అమ్మా" అనేవాళ్ళు. కిందటి నెలే ఆయన చేతిలో లెక్కలు తప్పిన పిల్లలు కూడా వచ్చి కాళ్ళ మీద పడేవాళ్ళు. "చల్లగుండు బిడ్డా" అని తల మీద వేపమండ ఆనించేవాడు.

సాయంత్రానికి బావి దగ్గర పసుపు కడుక్కుని, లుంగీ కట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. గాజులు మాత్రం తీయడానికి రాక పగలగొట్టుకోవలసి వచ్చేది. అమ్మ ఆ ముక్కలన్నీ ఏరి మొక్కల మొదట్లో వేసేది. రేడియో గొంతు మళ్ళీ తగ్గేది.

*

వేషాల వారం గురించి చెబుతూ అంతా అమ్మవారి మహిమే అన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది. ఆ వారం కోసం ఏడాదంతా కాచుకున్నవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

మా వెనకవీధిలో అద్దెకుండే ఒకాయన చాలా నెమ్మదస్తుడు. ఇంటాయన ఎదురుపడితే కండువా తీసి చంకలో పెట్టుకునే రకం. బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని వచ్చి, సరిగ్గా ఇంటాయన గుమ్మం ముందు నిలబడి మొదలుపెట్టాడు. బూతులు బూతులే, కానీ మధ్యమధ్యలో కురిసే పైకప్పు, ఎండిపోయిన కుళాయి, తిరిగివ్వని అడ్వాన్సు అన్నీ వరసగా వచ్చాయి. పాలెగాడికి కుళాయితో ఏం పని? వీధంతా పైటలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటాయన చేతులు కట్టుకుని, చిరునవ్వుతో అంతా విని, "తిట్టించింది అమ్మ, మనదేముంది. జాతర మాట జాతరకే" అన్నాడు. చాలా పెద్దమనిషి అని అందరూ మెచ్చుకున్నారు. మరుసటి నెల అద్దె పెంచాడు.

ఆ రోజు ఆ గుమ్మంలో ఉన్న ఇద్దరిలో ఎవరిది పెద్ద వేషం అని మా నడవలో చాలా రోజులు చర్చ జరిగింది. అవ్వ ఓటు ఇంటాయనకే.

*

ఇంకొకటి చెప్పాలి. నవ్వుతూ చెప్పలేను.

నాయన ఎండాకాలంలో ఇంటి తిన్నె మీద ట్యూషన్ చెప్పేవాడు. ఆ పిల్లల్లో ఒకడు మా అమ్మ దగ్గరికి వచ్చి మాతంగి కట్టుకోవడానికి చీర అడిగి తీసుకున్నాడు. మెరూన్ రంగు జాకెట్టు కూడా. వాడికి చీర కట్టడం ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. కుచ్చిళ్ళు అమ్మ కంటే బాగా పట్టాడు. గుడి దారిలో నాయన పక్కనే నడిచాడు. ఒకచోట వాడి కొంగు జారితే నాయన సర్ది, భుజం మీద పిన్నీసు పెట్టాడు. జనం వాడికీ దండాలు పెట్టారు, "ఏం కళ, అమ్మవారే దిగొచ్చినట్టుంది" అన్నారు. ఆ రాత్రి పొద్దుపోయేదాకా వాడు చీర విప్పలేదట. వాళ్ళమ్మ బతిమాలితే విప్పాడట.

జాతర అయిపోయాక ట్యూషన్ మళ్ళీ మొదలైంది. ముందురోజుల్లో దండాలు పెట్టిన పిల్లలే వాడి నడక వెక్కిరించారు, ఆడపేరు పెట్టి పిలిచారు. వాడు తల వంచుకుని పలక మీద గీతలు గీస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి నాయన వైపు చూశాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "లెక్క చూడండి రా" అన్నాడు, అంతే. ఆయన గొంతులో ఏ మార్పూ లేదు.

కొన్నేళ్ళకు వాడు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత మద్రాసు రైల్లో ఒకామె నా ఎదురు సీటులో కూర్చుని, "అక్కా, మీది అయివారోళ్ళ ఇల్లు కదా" అంది. చీర చక్కగా కట్టుకుంది, చెవులకు పెద్ద జూకాలు. తను ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు, తెలిసిపోయింది. అమ్మ ఎట్లుందని అడిగింది. "ఆ మెరూన్ జాకెట్టు మీయమ్మకు తిరిగి ఇవ్వనేలేదు నేను. ఇప్పటికీ నా దగ్గరే ఉండాది" అని నవ్వింది. నాయన గురించి అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు.

ఒక్క ఆదివారం కాళ్ళు కడిగి దండం పెట్టి, సోమవారం నుంచి రాళ్ళేసే ఊరు మాది. భక్తి ఎక్కువే, కాదనను.

*

ఆడవాళ్ళు ఎందుకు వేషం కట్టరని అవ్వను అడిగాను ఒకసారి. చెనిక్కాయలు ఒలుస్తూ, "మొగోళ్ళకు ఏడాదికి ఒక వారం వేషం. మనకు మిగతాదంతా వేషమే కదా. ఈ వారమన్నా ఊరకుండనీ" అంది.

ఊరక ఎక్కడ ఉన్నారు! అంబలి కాయడం, పొంగళ్ళు పెట్టడం, వేషాలకు చీరలు కట్టడం అన్నీ వాళ్ళే. మా అమ్మ నోట గట్టి మాట వచ్చేది కాదు. మేనత్త నెలల తరబడి వచ్చి ఉన్నా, నాయన జీతం కవరు నేరుగా అవ్వ చేతిలో పెట్టినా, అమ్మ మొహంలో ఏమీ కనబడేది కాదు. సాంతం కడిగి బోర్లించిన గిన్నెలా ఉండేది ఆ మొహం.

ఒక ఏడాది మంగళవారం జాతర నాడు, గుడి ముందు జనంలో, డప్పులు జోరందుకున్న సమయంలో అమ్మకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని ఊగుతూ నాయన వైపు తిరిగి, "రేయ్" అంది. "రేయ్, నా పేరేందిరా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాయన వణుకుతూ, "గంగమ్మ తల్లివి" అన్నాడు. "కాదు. నా పేరు చెప్పరా" అంది మళ్ళీ. చుట్టూ ఉన్నవాళ్ళు పసుపునీళ్ళు పోశారు, కర్పూరం వెలిగించారు. నాయన చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. ఇంట్లో ఆయన అమ్మను "ఇదిగో" అనే తప్ప పేరు పెట్టి పిలవగా మేం వినలేదు.

తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం ఉండబట్టలేక వంటింట్లో అడిగాను, "ఎవరమ్మా అట్ల అడిగింది?" అని. "నాకేం తెల్దు మే. చింతాకు ఏరు" అంది. నవ్వలేదు, కోప్పడలేదు.

ఆ రాత్రి గడిచి బుధవారం తెల్లారేలోపు గుడి ముందు గంగమ్మ విశ్వరూపం నిలబెడతారు. మట్టితో చేసిన పెద్ద మొహం. దాన్ని చూసేందుకు రాత్రంతా జనం మేలుకుంటారు. తర్వాత చెంప నరుకుతారు. ఆ మట్టి పెళ్ళ కోసం జనం ఎగబడతారు. అవ్వ ఆ మట్టిని పసుపుతో కలిపి డబ్బాలో దాచేది. బిడ్డలకు జ్వరం వచ్చినా, బాలింతకు నలత చేసినా ఆ డబ్బానే తీసేది. నా మొదటి కాన్పుకు నుదుటి మీద పెట్టింది కూడా ఆ మట్టే.

*

నాయన చివరి మాతంగి ఆయన పోవడానికి ముందు ఏడాది. అప్పటికి అమ్మ లేదు. మంచం మీద నుంచి లేవడానికే ఇద్దరు పట్టుకోవాలి. డాక్టరు వద్దన్నాడు, తమ్ముడు వద్దన్నాడు. "మొక్కు నాది, మీది కాదు" అన్నాడు. మా మరదలు సబ్బు నురగ చేసి పెట్టుకుంది. గాజులు సబ్బు అవసరం లేకుండానే ఎక్కిపోయాయి, ఎక్కి మోచేతి దాకా జారిపోయాయి. ఆమె మొహం తిప్పుకుంది. నాయన మాత్రం చెయ్యి పైకెత్తి గాజులు కిందికీ పైకీ గలగలలాడించి చూసుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. కుర్చీలో మోసుకుపోయి గుడి ముందు దండం పెట్టించి తెచ్చారు.

*

నేను చాలాకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేశాను. రిటైరయ్యే ముందు మాకు ఒక శిక్షణ తరగతి పెట్టారు. సూటు వేసుకున్న ఒక కుర్రాడు వచ్చి, "మీ మాస్కులు తీసేయండి, మీరు మీరుగా ఉండండి" అని, కాగితం మీద మన అసలు వ్యక్తిత్వం గురించి ఐదు వాక్యాలు రాయమన్నాడు. పెన్షన్ కాగితాల టెన్షన్‌లో ఉన్న మా అందరికీ అదో టెన్షన్. అందరం ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూసుకుని, అందరం "నేను కష్టపడి పనిచేస్తాను" అనే రాశాం. పాపం, మంచి కుర్రాడే. కానీ తీసేయండి అంటే ఎవరు తీస్తారు? మా ఊళ్ళో దానికి ముందు డప్పు కొడతారు, పొలిమేర కడతారు, ఎప్పుడు అయిపోతుందో అందరికీ తెలిసి ఉంటుంది. అయినా సగం మంది ఇంకో వేషమే కడతారు.

ఆ ఎక్స్ఛేంజి సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. వేరే ఊరికి మాట్లాడాలంటే 180కి చేసి ట్రంక్ కాల్ బుక్ చేయాలి. మేం స్లిప్పు రాసుకుని, పెద్ద ఎక్స్ఛేంజిని పట్టుకుని, అక్కడి నుంచి ఇంకో ఎక్స్ఛేంజిని పట్టుకుని లైను కలపాలి. ఆర్డినరీ అయితే పొద్దుట చేసింది రాత్రికి దొరకొచ్చు. అర్జంట్ అయితే రెండింతలు, లైట్నింగ్ అయితే ఎనిమిదింతల ఛార్జీ. పలానా మనిషితోనే మాట్లాడాలంటే పీపీ కాల్. తల మీద హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, చేతిలో లైను కలిపే తీగలు. మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్" అనాలి, అవతల ఎవరు ఏడుస్తున్నా సరే.

మాకు ఒక గొంతు నేర్పారు. నున్నగా, కోపం కానీ నవ్వు కానీ లేకుండా. వారం తిరిగేసరికి ఆ గొంతు వచ్చేసింది. ఇంట్లో అమ్మ "ఏందమ్మే ఎవరో పరాయిదాని మాదిరి మాట్లాడతావు" అనేది. అవతలివాళ్ళ గొంతులు కూడా అలాగే తెలిసిపోయేవి. బుక్ చేసేటప్పుడు మామీద గదమాయించినవాడే లైను కలిశాక "సార్ సార్" అనేవాడు. చాలామంది మగవాళ్ళు భార్యతో మాట్లాడేటప్పుడు అరిచేవాళ్ళు, లైను బాగున్నా సరే.

తమ్ముడికి భిలాయ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిన కొత్తలో, ఒక మధ్యాహ్నం నా బోర్డు మీద లైటు వెలిగింది. "ట్రంక్స్" అన్నాను. "మేడమ్, భిలాయ్‌కి ఒక పీపీ కాల్ కావాలండీ. కొంచెం తొందరగా ఇప్పించగలరా?" అంది అవతలి గొంతు. నాయన. స్కూలు ఫోన్ నుంచి. పుట్టి బుద్ధెరిగాక ఆయన నాతో అంత మర్యాదగా మాట్లాడిందే లేదు. "నంబర్ చెప్పండి" అన్నాను నా ఆఫీసు గొంతుతో. చెప్పాడు. నేను అని చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు, ఆ "మేడమ్" ఇంకోసారి వినాలనిపించింది.

అదృష్టమో ఏమో, లైను త్వరగానే దొరికింది. కానీ గరగరమని మోత, ఒకరి మాట ఒకరికి అందడం లేదు. అలాంటప్పుడు మేమే మధ్యలో ఉండి మాట అందించేవాళ్ళం.

"తిన్నావా రా చిన్నా?" అన్నాడు నాయన.

"తిన్నారా అని అడుగుతున్నారు" అన్నాను తమ్ముడికి.

"తిన్నానని చెప్పండి."

"తిన్నారట."

"ఆడ చలి జాస్తి అంట కదా. స్వెట్టరు కొనుక్కోమను, డబ్బు పంపిస్తా." అందించాను. కాసేపు మోత తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత, "వాళ్ళమ్మకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని చెప్పండి మేడమ్. వాడు గుర్తొచ్చి" అన్నాడు.

అమ్మ శుభ్రంగా నిద్రపోయేది. అర్ధరాత్రి లేచి నడవలో తిరిగేది, తమ్ముడి గదిలో లైటు వేసి చూసి ఆర్పేసేది ఎవరో నాకు తెలుసు, నా పడక ఆ నడవలోనే.

"మీ అమ్మగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదట" అన్నాను, నున్నగా. "త్రీ మినిట్స్" కూడా అన్నాను.

తమ్ముడు నా గొంతు అప్పుడే గుర్తుపట్టానంటాడు ఇప్పటికీ. నేను నమ్మను. గుర్తుపట్టి ఉంటే నోరు మూసుకుని ఉండే రకం కాదు వాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయన పప్పు కలుపుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "మీ ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం ఎవరో పిల్ల ఉన్నింది. బాగా ఓపికమంతురాలు" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను మజ్జిగ పోసుకున్నాను.

"పీపీ కాల్‌కి వేరే ఛార్జీ వేస్తారంట కదా?" అన్నాడు మళ్ళీ.

"వేస్తారు నాయనా."

"ఎంత?"

చెప్పాను.

"సరే" అన్నాడు.